ఆర్డర్లున్నా డబ్బు మిగలడం లేదు: ఇంటి పచ్చళ్లకు, చేతిపనికి రేటు ఎలా కట్టాలి?

ఉప్పుకారం

అందరికీ నమస్తే. ఇంట్లో తయారుచేసి అమ్మేవాళ్లు, చేతిపని చేసేవాళ్లు నిలదొక్కుకునేది దేనివల్ల అన్న చర్చ ఎప్పుడు వచ్చినా రుచి, కళ, మార్కెటింగ్ దగ్గరే ఆగిపోతోంది. ఈసారి అంకెలతో మాట్లాడుకుందాం.

నెలకు 150 కిలోల ఆవకాయ వాట్సాప్‌లో అమ్మే ఇంటి యూనిట్ ఒకటి ఉందనుకోండి. అమ్మకం రేటు కిలో 350. సరుకు కిలోకు 170 దాకా పడుతుంది. అరకిలో సీసాలు రెండు, వాటి లేబుళ్లకు 34. ఈ లెక్కన కిలోకు 146 మిగిలి, నెలకు దగ్గర దగ్గర 22,000 చేతికి రావాలి. ఇలాంటి యూనిట్లలో చాలావాటికి అంత రాదు. ఆ డబ్బు ఎక్కడికి పోతోంది? మగ్గం వర్క్, కలంకారీ చేసేవాళ్లది కూడా ఇదే ప్రశ్న కాబట్టి వాళ్లూ చెప్పండి.

పద్దుపుస్తకం

ఆ 22,000 ఎక్కడికీ పోలేదండీ, మొదటి నుంచీ లేదు. లెక్కలో వేయని ఖర్చులు లాభంలా కనిపించాయి, అంతే. ఒక్క కలుపు, అంటే ఒకేసారి కలిపే పచ్చడి, తీసుకుని మొత్తం వేద్దాం. కింది రేట్లు ఉదాహరణకే, మీ ఊరి రేట్లు వేసుకోండి.

మామిడికాయ 14 కిలోలు కొడితే తొడిమ, జీడి, మెత్తబడ్డవి పోగా 10 కిలోల ముక్క వస్తుందనుకుందాం.

కాయ 14 కిలోలు, 50 చొప్పున: 700
కొట్టించిన కూలి: 140
కారం 1.5 కిలోలు: 600
ఆవపిండి 1.5 కిలోలు: 240
ఉప్పు 1.8 కిలోలు: 45
మెంతులు 100 గ్రాములు: 12
వెల్లుల్లి అరకిలో: 100
నువ్వుల నూనె 3 కిలోలు: 1,200

మొత్తం 3,037. దినుసుల బరువు 18.4 కిలోలు. గిన్నెకు, గరిటెకు అంటుకున్నది పోగా సీసాల్లోకి ఎక్కేది 18. కిలోకు 169. ఇంతవరకు మీ లెక్క సరైనదే.

ఇక మీరు వేయనివి చూద్దాం. కాయ కడిగి తుడవడం, ముక్క ఒక్కొక్కటీ గుడ్డతో ఒత్తడం, వెల్లుల్లి ఒలవడం, కలపడం, మూడోనాడు తిరగగలపడం, నింపడం, లేబుల్ అంటించడం కలిపి ఈ కలుపుకు 14 గంటలు. గంటకు 70 వేసినా 980, అంటే కిలోకు 54. ఇంట్లో మనిషే చేసినా ఈ 54 వేయాల్సిందే. రేపు ఆ మనిషికి జ్వరం వస్తే కూలి మనిషిని పెట్టాలి, అప్పుడు డబ్బు ఎక్కడి నుంచి తెస్తారు? సీసాలు, లేబుళ్లకు 34, అట్టపెట్టె, బబుల్ షీటుకు 15, గ్యాసు, నీళ్లు, శుభ్రతకు 6 కలిపితే 278 అయింది. పగిలినవి, కారినవి, మళ్లీ పంపినవి 4 శాతం, అంటే 11. గది, ఫోను, కాటా, ల్యాబ్ పరీక్ష, ఫీజులు నెలకు 6,000 అనుకుంటే 150 కిలోల మీద కిలోకు 40. ఇప్పుడు 329.

ఇంకొకటి మిగిలింది, అసలు దెబ్బ అక్కడే. ఆవకాయ కాయ మే, జూన్‌లోనే దొరుకుతుంది. ఏడాదికి 1,800 కిలోలు అమ్మాలంటే సరుకుకే 3,04,200 ఎండాకాలంలో ఒక్కసారిగా పెట్టాలి. ఆ డబ్బు సగటున ఆరునెలలు జాడీల్లో కూర్చుంటుంది. 21 శాతం వడ్డీ వేస్తే కిలోకు 18. మొత్తం 347.

350కి అమ్మితే కిలోకు మిగిలేది 3 రూపాయలు. నెలకు 450. మీరు లాభమనుకున్నదాంట్లో ఇంటి మనిషి కష్టమే కిలోకు 54, అంటే 8,100 ఉంది. మిగతాది అద్దె, వడ్డీ, పగిలిన సీసాలు.

అమ్మకం రేటులో 20 శాతం మిగలాలంటే 347ను 0.8తో భాగించండి, 434 వస్తుంది. 347కి 20 శాతం కలిపితే వచ్చేది 416. చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుని కిలోకు 18 పోగొట్టుకుంటున్నారు. కొట్టువాడు తన అమ్మకం మీద 25 శాతం అడిగితే 434ను 0.75తో భాగించాలి, 579. పావుకిలో సీసాకు 434లో నాలుగో వంతు వేయకండి. సీసాలు నాలుగవుతాయి, నింపే పని పెరుగుతుంది, కిలో ఖర్చు 373 దాకా వెళుతుంది. ఒక్కో సీసా 120 కంటే తగ్గితే గిట్టదు.

కొత్తజాడీ

లెక్క అర్థమైంది. కానీ మా వీధిలోనే ఇద్దరు 300కి అమ్ముతున్నారండీ. 434 అంటే ఎవరు కొంటారు? నూనె కొంచెం తగ్గిస్తే, లేదా సగం పల్లీనూనె కలిపితే?

జాడీమూత

నూనె తగ్గించకండి. అది రుచికే కాదు, గాలి తగలకుండా కాపాడేదీ అదే. నూనెలో వేసిన పచ్చడికి ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ప్రమాణం ప్రకారం పైన కనీసం అర సెంటీమీటరు నూనె తేలాలి, లేదా పచ్చడి బరువులో 10 శాతమైనా నూనె ఉండాలి. పై కలుపులో 16 శాతం ఉంది. 3 కిలోలను 2 చేస్తే అంకె 11 శాతం పైనే ఉంటుంది గానీ ఆవపిండి, కారం ఆ నూనెను పీల్చేసుకుంటాయి. నెల తిరిగేసరికి పై ముక్కలు పొడిగా బయటపడతాయి, బూజు అక్కడే మొదలవుతుంది. ఇక నూనె మార్చాలనుకుంటే పూర్తిగా మార్చి లేబుల్ మీద ఆ పేరే వేయండి. కొంత కలిపి నువ్వుల నూనె అని రాస్తే అది కల్తీయే.

ఖర్చు తగ్గించుకునే చోట్లు వేరే ఉన్నాయి. గంటలు మొదటిది. 18 కిలోల కలుపుకు 14 గంటలైతే 50 కిలోల కలుపుకు 39 కావు, 26 దాకా చాలు. సామాను సర్దడం, కడగడం, ఆరబెట్టడం ఎంత కలిపినా ఒక్కసారే కదా. రెండోది మిర్చి. గుంటూరు యార్డుకు కొత్త మిర్చి ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా జోరుగా వస్తుంది. ఏడాదికి సరిపడా కాయ అప్పుడే కొని, రెండెండలు పెట్టి, తొడిమ తీయించి, దగ్గరుండి ఆడించండి. తొడిమతో ఆడిస్తే రంగు తగ్గుతుంది, బరువు పెరిగిందని సంతోషపడటమే మిగులుతుంది. తేజ రకం మిర్చి ఒక్కటే వేస్తే ఘాటు ఎక్కువ, రంగు తక్కువ. వరంగల్ చపాటా లాంటి రంగుకాయ కలిపితే కారం మోతాదు తగ్గించకుండానే ఎరుపు నిలుస్తుంది, రంగు పొడి జోలికి పోనక్కర్లేదు.

నాణ్యత నిలవాలంటే గిన్నె కొలత మానేయండి. ఇంట్లో నాలుగు గిన్నెల ముక్కకు గిన్నె కారం, గిన్నె ఆవపిండి, ముప్పావు గిన్నె ఉప్పు అని కలుపుతాం. ఆ గిన్నెలో కల్లుప్పు పట్టే బరువు వేరు, మెత్తటి ఉప్పు పట్టే బరువు వేరు. ఒక కలుపు చప్పబడి పొంగుతుంది, ఇంకొకటి నోట పెట్టలేం. కాటా మీద గ్రాముల్లో వేయండి. కల్లుప్పును ఎండబెట్టి దంచి, తర్వాత తూచండి. తడి ఉప్పు తూచితే అందులో నీళ్లు తూచినట్టే.

ఏది చెడితే ఎక్కడ వెతకాలంటే: సీసా మూత ఉబ్బితే ఉప్పు తక్కువైంది, లేదా కాయ పండబారింది. పైన తెల్లపొర వస్తే ముక్క తడి ఆరలేదు, లేదా గరిటె తడి తగిలింది. చేదొస్తే ఆవాలు మరలో వేడెక్కాయి, లేదా మెంతి ఎక్కువైంది. ఆవాలు ఆడించేటప్పుడు పిండి చేతికి వేడిగా తగిలితే మర ఆపించండి. ముక్క మెత్తబడితే కాయ టెంక ముదరలేదు. జలాలు, కొత్తపల్లి కొబ్బరి లాంటి పీచున్న పుల్లకాయ, టెంక గట్టిపడ్డది తీసుకోండి.

పెద్ద యూనిట్లు ముక్కను ఉప్పునీళ్లలో నిల్వచేసి ఏడాది పొడవునా కలుపుతాయి. పెట్టుబడి ఒక్కసారిగా ఇరుక్కోదు, నిజమే. కానీ కొత్త ఆవకాయ ముక్కలో ఉండే కరకర అందులో రాదు. ఇంటి పచ్చడి అని అమ్మేవాళ్లకు అది సరిపోదని నా అభిప్రాయం.

ప్రతి కలుపుకూ నంబరు వేసి, పుస్తకంలో కాయ ఎక్కడిది, కారం ఏ రోజు ఆడించింది, ఉప్పు ఎంత రాయండి. ఒక చిన్న సీసా అమ్మకుండా పక్కన పెట్టండి. ఫిర్యాదు వస్తే ఆ సీసా తెరిచి చూస్తే తప్పు తయారీదా, రవాణాదా తెలిసిపోతుంది.

కొత్తజాడీ

చికెన్, రొయ్యల పచ్చళ్లకు కూడా ఇదే పద్ధతేనా? వాటికి గిరాకీ ఎక్కువ.

జాడీమూత

కాదండీ, దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోకండి. మామిడిలో పులుపు సహజంగానే ఉంటుంది. మాంసంలో లేదు. పీహెచ్ అంటే పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. అది 4.6 దాటిన పదార్థం నూనె కింద గాలి లేకుండా ఉంటే బొటులినం అనే ప్రమాదకరమైన సూక్ష్మజీవి విషం తయారుచేయగలదు. రంగు మారదు, వాసన రాకపోవచ్చు. ముక్కలో నీరు పూర్తిగా పోయేదాకా వేయించి, చల్లారాక నిమ్మరసం పట్టించి, పరీక్షకు తీసిన ముక్కను మాత్రం నూనె వడకట్టి మెత్తగా నూరి, పీహెచ్ మీటరుతో చూసి 4 లోపే ఉంచండి. మీటరును ప్రతిసారీ పీహెచ్ 4, 7 ద్రావణాలతో సరిచూసుకోవాలి. ల్యాబ్ నుంచి నిల్వకాలం రిపోర్టు వచ్చేదాకా ఆరునెలలని లేబుల్ మీద రాయకూడదు. గుర్తింపు ఉన్న ల్యాబ్ ఖర్చు భరించలేకపోతే మాంసం పచ్చళ్లు మొదలుపెట్టకండి.

పార్శిల్‌కట్ట

పగిలినవి 4 శాతం అన్నారు. నూనె కారడాన్ని ఆపితే అందులో చాలాభాగం తగ్గుతుంది. కారే సీసాల్లో ఎక్కువవాటికి కారణం సీసా అంచుకు అంటిన నూనె. ఇండక్షన్ సీలులో అల్యూమినియం రేకు వేడెక్కి, దాని కిందున్న ప్లాస్టిక్ పొర కరిగి అంచుకు అతుక్కోవాలి. అక్కడ నూనె చుక్క ఉంటే ఆ జాగాలో అతకదు. గరాటుతో నింపండి, పైన ఒక సెంటీమీటరు ఖాళీ వదలండి, అంచును పొడిగుడ్డతో తుడిచాకే సీలు వేయండి. తర్వాత సీసాను న్యూస్‌పేపరు మీద తలకిందులుగా 24 గంటలు ఉంచండి. మరక పడినది పెట్టెలోకి వెళ్లకూడదు.

పెట్ అనే ప్లాస్టిక్ సీసాలో వేడి పోపు పోయకండి. 60 డిగ్రీలు దాటితే ఒళ్లు వంగిపోతుంది, మూత సరిగా కూర్చోదు. ఇనుప మూతలు వద్దు, ఉప్పూ పులుపూ తుప్పు పట్టిస్తాయి. పౌచ్ అయితే సీలు వెడల్పు 10 మిల్లీమీటర్లు ఉండేట్టు రెండుసార్లు వేయండి. కొరియర్ ఛార్జీని పచ్చడి రేటులో దాచకండి, విడిగా చూపండి. రెండు కిలోలు ఒకే చిరునామాకు వెళితే కస్టమరుకే కలిసొస్తుంది, ఆ సంగతి వాళ్లకు కనిపించాలి.

మగ్గంపని

చేతిపనికి సరుకు ఖర్చు తక్కువ, గంటలే ఎక్కువ. అందుకని ముందు గంట రేటు కట్టాలి. నెలకు 26 రోజులు, రోజుకు 8 గంటలంటే 208. అందులో సూది ఆడేది 130 గంటల దాకానే. మిగతావి కొలతలు, డిజైన్ ట్రేసింగ్, బట్టను కర్రలకు బిగించడం, జరీ, కుందన్లు తేవడం, ఫోన్లకు పోతాయి. అద్దె, కరెంటు 9,000, ఇంటికి కావాల్సింది 20,000 అనుకుంటే 29,000ను 130తో భాగించండి. గంటకు 223. 208తో భాగిస్తే 139 వస్తుంది, చాలామంది రేటు తప్పేది ఆ ఒక్క భాగహారం దగ్గరే.

22 గంటలు పట్టే పెళ్లి బ్లౌజుకు పని 4,906, జర్దోసీ, ముత్యాలు, దారం 900, కస్టమరు పట్టుబట్ట చెడితే మార్చివ్వాల్సిన భయానికి 10 శాతం కలిపితే 6,400 దగ్గరకొస్తుంది. బజారులో 4,500 అంటే గంట రేటు తగ్గించొద్దు, గంటలు తగ్గించండి. వీపు మీద నిండుగా వేసే బుటాలు తీసి, మెడ, చేతుల అంచుల మీదే పని పెడితే 14 గంటలు. 3,122, సరుకు 600, పైన 10 శాతం, మొత్తం 4,100. ఇలా 8, 14, 22 గంటల నమూనాలు మూడు ఎదురుగా పెట్టండి. కస్టమరు బేరం ఆడటం మాని, ఎంచుకోవడం మొదలుపెడతారు.

సగం అడ్వాన్సు తీసుకోండి. ట్రేసింగ్ కాగితం మీద సంతకమో, వాట్సాప్‌లో సరే అన్న మాటో ఉండాలి. ఆ తర్వాత మార్పులకు గంట రేటు. ఆషాఢంలో, మూఢంలో పెళ్లిళ్లు ఉండవు, ఆ నెలల్లో రేటు కోసి ఆర్డర్లు లాగకండి. నమూనా ముక్కలు అప్పుడే కుట్టుకోండి. శ్రావణంలో ముహూర్తాలు మొదలయ్యేసరికి చూపించడానికి చేతిలో ఉంటాయి.

కసింకారం

కలంకారీకి ఇంకో చిక్కు ఉంది. గంటలు లెక్కపెట్టినా, మధ్యలో వాతావరణం మన చేతిలో ఉండదు. శ్రీకాళహస్తి పద్ధతిలో బట్టను కరక్కాయ పొడి, గేదెపాలలో ముంచి ఆరబెడతాం. పాలలోని కొవ్వు రంగును అటూ ఇటూ పాకనివ్వదు. ఇనుపముక్కలు, బెల్లం రెండు మూడు వారాలు పులియబెట్టిన కసిం, కరక్కాయలోని వగరుతో కలిసి నల్లబడుతుంది. పటిక రాసిన చోటే ఎరుపు పడుతుంది. పటిక రాశాక పారే నీళ్లలో ఉతకాలి. నిలవనీళ్లలో ఉతికితే కరిగిన పటిక తెల్లజాగాకు అంటి, ఆ తర్వాత రంగులో ఉడికించినప్పుడు అక్కడ ఎర్రమచ్చ లేస్తుంది. దాన్ని తీయలేం, చీర రెండో రకంగా అమ్మాల్సిందే.

కాబట్టి చేతి కలంకారీ రేటులో చెడిన చీరల వాటా ఉండాలి. పదింట ఒకటి రెండో రకం అవుతుంటే, ఆ ఒక్కదానిలో పోయిన డబ్బును మిగతా తొమ్మిదింటి మీద పంచండి. వానాకాలంలో ఆరడానికి పట్టే అదనపు రోజులను గడువులో ముందే కలిపి చెప్పండి.

స్క్రీన్ ప్రింట్ చీర పక్కన పెట్టి బేరమాడేవాళ్లకు మాటలతో నచ్చచెప్పలేం. చింతబొగ్గు గీత, కసిం గీత, పటిక తర్వాత ఎరుపు, చివరి ఉతుకు అని ఒక్కో దశకు ఒక ఫోటో ఆ చీరదే తీసి, చీరతోపాటు పంపండి. ప్రింట్ అమ్మేవాడు ఆ ఫోటోలు ఇవ్వలేడు.

డిజైను గురించి కూడా ఒకమాట. సొంత డిజైనును డిజైన్ల చట్టం 2000 కింద రిజిస్టర్ చేయాలనుకుంటే దరఖాస్తు ముందు, ఇన్‌స్టాగ్రామ్ తర్వాత. ముందే బయటపెడితే కొత్తదనం పోయినట్టే. రిజిస్టర్ చేయించే వీలున్న డిజైనును చేయించకుండా పారిశ్రామిక పద్ధతిలో 50 కంటే ఎక్కువ తీస్తే దాని మీద కాపీరైటు కూడా ఉండదు. ఒక్కో చీరా విడిగా గీసేవాళ్లకు ఇది తగలదు. బ్లాకులు కొట్టించేవాళ్లు మాత్రం చూసుకోవాలి.

పద్దుపుస్తకం

కాగితాల సంగతి కూడా చెప్పేస్తాను, చాలామంది ఇక్కడే తడబడుతున్నారు.

150 కిలోలు 434 చొప్పున అమ్మినా ఏడాదికి 7.8 లక్షలే. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2011 నిబంధనలు మొదట వచ్చినప్పుడు 12 లక్షల లోపు వాళ్లకు రిజిస్ట్రేషన్ చాలు, ఫీజు ఏడాదికి 100 రూపాయలుగా ఉండేది. దరఖాస్తు చేసే రోజు ఆ సంస్థ దరఖాస్తులు తీసుకునే ఫాస్కాస్ పోర్టల్లో ఇప్పటి పరిమితి, ఫీజు చూసుకోండి. వచ్చిన 14 అంకెల నంబరు లేబుల్ మీద ఉండాలి. దాంతోపాటు దినుసులు బరువు ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా, ఆకుపచ్చ గుర్తు, నికర బరువు, కలుపు నంబరు, తయారీ తేదీ, వాడాల్సిన గడువు, పన్నులతో కలిపి ఎమ్మార్పీ, గ్రాముకు రేటు, ఫిర్యాదుకు ఫోను వేయండి.

జీఎస్టీలో సరుకు అమ్మేవాళ్లకు రిజిస్ట్రేషన్ పరిమితి ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు, తెలంగాణలో 20. కానీ రాష్ట్రం దాటి పంపితే ఈ పరిమితి పనికిరాదు. గుంటూరు నుంచి హైదరాబాద్‌కు వెళ్లే ఒక్క సీసా కూడా అంతర్రాష్ట్ర సరఫరాయే, రిజిస్ట్రేషన్ తప్పదు. మొత్తం అమ్మకం మీద తక్కువ శాతం పన్ను కట్టే కాంపోజిషన్ స్కీము తీసుకుంటే బయటి రాష్ట్రానికి అమ్మకూడదు కాబట్టి, ఇటూ అటూ కస్టమర్లున్నవాళ్లకు అది కుదరదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి పచ్చళ్ల మీద పన్ను 12 నుంచి 5 శాతానికి దిగింది. 434 మీద 22 దాకా, 456 అవుతుంది. సీసాలు, కొరియర్ మీద మీరు కట్టే 18 శాతాన్ని ఇందులో సర్దుకోవచ్చు. మగ్గంపని గారికి, కసింకారం గారికి: చేతి ఎంబ్రాయిడరీ, చేతితో ముద్రించిన బట్టలు వంటి నోటిఫై అయిన హస్తకళలకు రాష్ట్రం దాటినా 20 లక్షల దాకా రిజిస్ట్రేషన్ నుంచి మినహాయింపు ఉంది, పాన్ మాత్రం ఉండాలి.

కొట్లకు అరువిచ్చేవాళ్లు చిన్న సంస్థలకు కేంద్రం ఇచ్చే ఉద్యం రిజిస్ట్రేషన్ చేసుకోండి, ఫీజు ఏమీ లేదు. తయారీదారుగా నమోదై ఉంటే 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం మీకు అండ. ఒప్పందం లేకపోతే 15 రోజులు, రాతపూర్వకంగా ఉన్నా 45 రోజుల్లో డబ్బు కట్టాలి. దాటితే రిజర్వ్ బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడింతల చక్రవడ్డీ. బిల్లు మీద ఉద్యం నంబరు, గడువు తేదీ అచ్చువేయించండి. ఒకే కొట్టు మీ అమ్మకంలో మూడోవంతు దాటితే రేటు చెప్పేది ఇక మీరు కాదు, ఆ కొట్టువాడు. అది దాటనివ్వకండి.

ఉప్పుకారం

చాలా స్పష్టంగా ఉంది, అందరికీ కృతజ్ఞతలు. చివరగా ఒక్కటి. 350కి అలవాటుపడిన పాత కస్టమర్లకు 456 అని ఎలా చెప్పాలి? ఒక్కసారిగా వందకు పైగా పెరుగుతుంది.

పద్దుపుస్తకం

సీజను మధ్యలో పెంచకండి. జాడీల్లో ఉన్న పాత ఆవకాయ పాత రేటుకే అయిపోనివ్వండి, కొత్త రేటు మే నెల కొత్త కలుపుతో మొదలుపెట్టండి. ఒకేసారి మోయలేరనిపిస్తే ఈ ఏడాది 400 పన్నుతో కలిపి, వచ్చే మేలో మిగతాది. కాకపోతే 400లో పన్ను పోగా 381, కిలోకు 34 మాత్రమే మిగులుతుందని తెలిసే దిగండి. కొంతమంది తగ్గుతారు. 456 దగ్గర 150 కిలోల్లో 40 తగ్గినా, మిగిలిన 110 కిలోల మీద కిలోకు 87 చొప్పున 9,570 కనిపిస్తుంది. అందులోంచి, 6,000 స్థిర ఖర్చును తక్కువ కిలోలు మోయాల్సి వస్తుంది కాబట్టి 1,600 తీసేయండి, 7,970. ఇప్పుడొస్తున్న 450తో పోల్చుకోండి.

మెసేజీ పొట్టిగా పంపండి: "కొత్త ఆవకాయ మే మూడోవారంలో సిద్ధం. గుంటూరు మిర్చి, గానుగ నువ్వుల నూనె. అరకిలో 228, పావుకిలో 126, పన్నుతో కలిపి. కొరియర్ విడిగా. పాత స్టాకు అరకిలో 175కే, ఉన్నంతవరకు." గానుగ నూనె వాడితేనే ఆ మాట రాయండి.